జబ్బు పేరు కంటే ముందు

సాధారణంగా వైద్యం ఒక క్రమంలో నడుస్తుంది: రోగి చెప్పేది విని, ఒళ్ళు పరీక్షించి, అవసరమైతే రక్తపరీక్షో ఎక్స్‌రేనో చేయించి, జబ్బుకు ఒక పేరు నిర్ణయించాక ఆ పేరును బట్టి మందు రాస్తారు. అత్యవసర విభాగానికి ఎత్తుకొచ్చిన పసిబిడ్డ విషయంలో ఈ క్రమం తిరగబడుతుంది. అక్కడ జబ్బు పేరు తేలకముందే, ఈ గంటలో బిడ్డ ప్రాణానికి ముప్పు ఉందా అన్న సంగతి తేలాలి. పిల్లలకు వచ్చే జబ్బులు వందలున్నా అవి ప్రాణం మీదికి తెచ్చే మార్గాలు కొన్నే. ఊపిరి చాలకపోవడం, రక్తప్రసరణ కుంటుపడడం, ఒంట్లో నీరు ఇంకిపోవడం, మెదడు పనితీరు దెబ్బతిని మగతో ఫిట్సో రావడం, దాదాపుగా ఇంతే. న్యుమోనియా వల్లనైనా ఉబ్బసం వల్లనైనా రక్తంలో ప్రాణవాయువు పడిపోయిన బిడ్డకు మొదట అందవలసింది ఆక్సిజన్. కలరా వల్లనైనా రోటావైరస్ వల్లనైనా ఎండిపోయిన బిడ్డకు మొదట కావలసింది నీరు, లవణాలు. కారణాన్ని వెతికే పని దీనితో పాటు సాగవచ్చు గాని దీన్ని ఆపి సాగకూడదు. ఇందులో గమనించదగిన విశేషం, ఈ ముప్పును తెలిపే గుర్తుల్లో అత్యధికం యంత్రాలతో పని లేకుండా కంటికి కనిపించేవే కావడం. అంటే వైద్యుడి కంటే ముందే వాటిని తల్లీ, అమ్మమ్మా, ఊళ్ళోని ఆశా కార్యకర్తా చూడగలరు.

పసిపిల్లల శరీరాన్ని పెద్దల శరీరానికి చిన్న నమూనాగా భావించడం పొరపాటు. వైద్య పాఠ్యగ్రంథాల్లో తరచు ఇచ్చే ఒక లెక్క దీన్ని స్పష్టం చేస్తుంది. గొట్టంలో ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం ఆ గొట్టపు వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందని 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు ప్వాజేయ్ చూపించాడు. శిశువు గాలిగొట్టం వ్యాసం 4 మిల్లీమీటర్లనుకుంటే, జలుబు వల్ల లోపలి పొర చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా వ్యాసార్ధం 2 నుంచి 1కి పడిపోయి, గాలికి ఎదురయ్యే నిరోధం 16 రెట్లవుతుంది. అదే వాపు 8 మిల్లీమీటర్ల గొట్టం ఉన్న పెద్దవారికి వస్తే నిరోధం సుమారు మూడు రెట్లే పెరుగుతుంది. ఇంట్లో ఒకే వైరస్ సోకినప్పుడు తండ్రి తుమ్ములతో బయటపడడానికీ, ఆరు నెలల బిడ్డ డొక్కలు ఎగరేస్తూ ఆసుపత్రి పాలవడానికీ ఒక ముఖ్య కారణం ఇదే.

రక్తప్రసరణ విషయంలో తేడా మరింత మోసకరమైనది. పసిపిల్లల్లో రక్తం కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్లు ఉంటుంది కాబట్టి పది కిలోల బిడ్డ ఒంట్లో ఉండేది 800 మిల్లీలీటర్లు మాత్రమే. అందులో కొంత తగ్గగానే గుండె వేగం పెంచుకుంటుంది, చర్మానికీ కాళ్ళూ చేతులకూ పోయే రక్తనాళాలు ముడుచుకొని ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్ళిస్తాయి. ఈ సర్దుబాటు పిల్లల్లో ఎంత బలంగా ఉంటుందంటే రక్తపోటు చాలాసేపు మామూలుగానే కనిపించి, సర్దుబాటు శక్తి అయిపోయిన క్షణాన ఒక్కసారిగా కూలిపోతుంది. అందువల్ల బీపీ బాగానే ఉందన్న మాట పసిబిడ్డ విషయంలో ధైర్యం చెప్పేది కాదు. దానికంటే చాలా ముందుగా చల్లబడిన అరచేతులు, పాలిపోయిన చర్మం, బలహీనంగా వేగంగా కొట్టుకునే నాడి సంగతి చెప్పేస్తాయి. బిడ్డ గోటినో రొమ్ము ఎముక మీది చర్మాన్నో కొన్ని సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడిన చోట మళ్ళీ ఎరుపు రావడానికి మూడు సెకన్ల కంటే ఎక్కువ పడితే ప్రసరణ మందగించిందని అర్థం.

అనుభవజ్ఞుడైన పిల్లల వైద్యుడు గది గుమ్మంలో నిలబడి, తల్లి ఒడిలో ఉన్న బిడ్డను తాకకుండానే అర నిమిషంలో చాలా సంగతులు గ్రహిస్తాడు. అమెరికన్ పిల్లల వైద్యులు ఈ చూపును మూడు అంశాలుగా విడదీసి, త్రిభుజంగా గీసి బోధిస్తారు. మొదటిది బిడ్డ వాలకం: కళ్ళు కలుపుతోందా, చుట్టుపక్కల చూస్తోందా, కాళ్ళూ చేతులూ ఆడిస్తోందా, ఓదారిస్తే ఊరుకుంటోందా. రెండోది ఊపిరి కోసం పడే శ్రమ. మూడోది చర్మపు రంగు: పాలిపోవడం, పెదవులు నీలబడడం, ఒంటి మీద మచ్చలు మచ్చలుగా నీలిచారలు తేలడం. గట్టిగా ఏడుస్తూ సూదిని తోసేసే బిడ్డకు గాలి అందుతోంది, మెదడు పనిచేస్తోంది, కండరాల్లో బలముంది. చాలా అత్యవసర విభాగాల్లో గొడవ చేస్తున్న పిల్లల మీదికే అందరి దృష్టి పోతుంది గాని, తల్లి భుజం మీద తల వాల్చి, సూది గుచ్చినా కదలని బిడ్డ ముందు చూడవలసినది.

ఈ చూపును ఒక పద్ధతిగా మలిస్తే ఫలితం ఎంత ఉంటుందో ఆఫ్రికాలోని మలావీ దేశం చూపింది. పేద దేశాల ఆసుపత్రుల్లో పిల్లల మరణాలు ఎక్కువగా చేర్చుకున్న మొదటి 24 గంటల్లోనే జరుగుతుంటాయి. వాటిలో కొన్ని వరుసలో తమ వంతు కోసం నిరీక్షిస్తుండగానే సంభవిస్తాయి. బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్‌లో ఎలిజబెత్ మాలినూ అనే పిల్లల వైద్యురాలి ఆధ్వర్యంలో వరుసలో ఉన్న ప్రతి బిడ్డనూ రాగానే ఒకసారి చూసి, ప్రాణాపాయ లక్షణాలున్నవారిని వెంటనే లోపలికి, ప్రాధాన్యం ఇవ్వవలసినవారిని వరుస ముందుకు, మిగిలినవారిని వారి వంతుకు పంపే ఏర్పాటు చేశారు. అత్యవసర చికిత్సకు కావలసిన మందులు, పరికరాలు ఒకేచోట పెట్టారు. అంతకుముందు చేరిన పిల్లల్లో 10 నుంచి 18 శాతం దాకా చనిపోతుండగా, మార్పుల తరువాత అది 6 నుంచి 8 శాతానికి తగ్గింది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు, వరుస మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతికి శిక్షణ గ్రంథం రూపొందించి అనేక దేశాల్లో ప్రవేశపెట్టింది.

ఇంట్లోనో అంగన్‌వాడీలోనో ఉన్నవారి కోసం ఇదే సంస్థ, యునిసెఫ్ కలిసి నాలుగు ప్రమాద చిహ్నాలను స్థిరపరిచాయి. బిడ్డ ఏమీ తాగలేకపోవడం లేదా చనుపాలు కుడవలేకపోవడం, తాగినదల్లా కక్కేయడం, ఫిట్స్ రావడం, మగతగా ఉండి లేపినా సరిగా లేవకపోవడం: రెండు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డలో వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, జ్వరం ఎంతుందో దగ్గు ఎన్నాళ్ళదో లెక్కలు వేయకుండా ఆసుపత్రికి బయలుదేరాలి.

ఊపిరి విషయం కొంత వివరంగా చెప్పుకోవలసినది. మన ఊళ్ళలో నెమ్ము చేరిందని చెప్పుకొనే న్యుమోనియా ఐదేళ్ళ లోపు పిల్లలను బలిగొనే అంటువ్యాధుల్లో ప్రపంచమంతటా అగ్రస్థానంలో ఉంది. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు చీముతోనో ద్రవంతోనో నిండిపోయి, గట్టిపడి, ఒక్కో శ్వాసలో లోపలికి పోయే గాలి తగ్గినప్పుడు శరీరం శ్వాసల సంఖ్య పెంచి ఆ లోటు పూడ్చుకుంటుంది. దీన్ని కనిపెట్టడానికి స్టెతస్కోపు తప్పనిసరి అని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. పాపువా న్యూగినీ కొండ ప్రాంతంలోని గొరోకా ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే ఆస్ట్రేలియన్ వైద్యుడు 1980ల తొలి సంవత్సరాల్లో దగ్గుతో వచ్చిన పిల్లలను పరిశీలించి, స్టెతస్కోపులో వినిపించే చిటపట శబ్దాల కంటే నిమిషానికి తీసుకొనే శ్వాసల సంఖ్య, ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుపోవడం అనే రెండు గుర్తులే న్యుమోనియాను బాగా పట్టిస్తాయని తేల్చాడు. నేటికీ అమల్లో ఉన్న ప్రమాణాలు ఆ ఆలోచన నుంచే వచ్చాయి: రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా అంతకు మించి శ్వాసలుంటే అది వేగవంతమైన శ్వాస. లెక్క పెట్టేటప్పుడు బిడ్డ ఏడవకుండా ఉండాలి, చొక్కా పైకెత్తి పొట్ట కదలికలు చూడాలి, పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. పసిపిల్లల శ్వాస ఒకే తీరున సాగదు కాబట్టి పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది.

తెలంగాణకు ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఈ లెక్కను చదువురాని మంత్రసానుల చేతికి అందించారు. అంకెలు రానివారి కోసం పూసలు గుచ్చిన వరుసలు, ఒక నిమిషపు ఇసుక గడియారం ఉన్న పరికరాన్ని తయారుచేశారు. పది శ్వాసలకొక పూస జరుపుతూ పోతే, ఇసుక అయిపోయేలోగా పూసలు హద్దు దాటితే బిడ్డకు నెమ్ము ఉన్నట్టే. ఊళ్ళలోనే యాంటీబయాటిక్ ఇచ్చే ఏర్పాటుతో కలిపి సాగిన ఈ ప్రయోగ ఫలితాలు 1990లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ఈ సేవ అందిన గ్రామాల్లో న్యుమోనియా మరణాలు, అందని గ్రామాల కంటే సగానికి పైగా తక్కువగా నమోదయ్యాయి. వైద్య పరిజ్ఞానం ఆసుపత్రి గోడలు దాటి పోగలదనడానికి భారతదేశంలో ఇంతకంటే గట్టి నిదర్శనం అరుదు.

వేగవంతమైన శ్వాస తప్ప మరే ప్రమాద చిహ్నమూ లేని బిడ్డకు నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్‌తో ఇంటి దగ్గరే చికిత్స సాగవచ్చు. అయితే ముక్కుపుటాలు అదిరినా, ప్రతి శ్వాసకూ మూలిగినట్టు శబ్దం వచ్చినా, తల ఊపుతూ శ్వాస తీసుకుంటున్నా, పెదవులు నీలబడినా ఆక్సిజన్ అవసరమవుతుంది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరులో 90 శాతానికి తక్కువ చూపితే ఆక్సిజన్ వెంటనే పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కదులుతున్న చేతి మీదా చల్లబడిన వేలి మీదా ఆ అంకెను నమ్మడానికి లేదు కాబట్టి బిడ్డ వాలకం, అంకె రెండూ కలిపి చూడాలి. మరో సంగతి: దగ్గూ ఆయాసమూ ఉన్న ప్రతి బిడ్డకూ యాంటీబయాటిక్ పనిచేయదు. రెండేళ్ళ లోపు పిల్లల్లో జలుబుతో మొదలై పిల్లికూతలతో సాగే బ్రాంకియోలైటిస్ ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ తెచ్చేది. దానికి కావలసింది ముక్కు శుభ్రం చేయడం, కొద్దికొద్దిగా పాలు పట్టడం, అవసరమైతే ఆక్సిజన్, అంతే. కుక్క మొరిగినట్టు దగ్గు, లోపలికి గాలి తీసుకునేటప్పుడు గొంతులో గరగర శబ్దం ఉంటే స్వరపేటిక వాచే క్రూప్ అని అనుమానించాలి. ఒకే ఒక్క మోతాదు డెక్సామిథసోన్ చాలామంది పిల్లల్లో ఆ వాపును దించుతుంది. అలాంటి బిడ్డను ఏడిపిస్తే నాళం మరింత మూసుకుపోతుంది కాబట్టి గొంతులోకి చెంచా పెట్టి చూడడం, తల్లి ఒడి నుంచి లాగడం చేయకూడదు.

అప్పటిదాకా ఆడుకుంటున్న బిడ్డ ఏ జ్వరమూ లేకుండా ఉన్నట్టుండి దగ్గి, ఉక్కిరిబిక్కిరయితే మాత్రం అది గొంతులో అడ్డుపడిన వస్తువే అనుకోవాలి. వేరుశనగ పప్పు, సీతాఫలం గింజ, చింతపిక్క మన ఇళ్ళలో తరచు కారణమయ్యేవి. బిడ్డ దగ్గగలుగుతుంటే దగ్గనివ్వాలి. శబ్దం ఆగిపోతే ఏడాది లోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదు నొక్కులు, మార్చి మార్చి ఇవ్వాలి. ఏడాది దాటిన బిడ్డకైతే వీపు దెబ్బల తరువాత వెనక నుంచి పట్టుకొని బొడ్డుకు పైన లోపలికీ పైకీ గట్టిగా నొక్కాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది.

వాంతులు, విరేచనాల చికిత్స గత శతాబ్దపు వైద్యశాస్త్రం గర్వించదగిన అధ్యాయం. విరేచనాలతో చనిపోయే బిడ్డను చంపేది క్రిమి కంటే ఎక్కువగా నీరూ, సోడియం, పొటాషియం లవణాలూ పోవడమే. తీవ్రమైన విరేచనాల్లో సైతం పేగు నీటిని పీల్చుకోగలదని, దానికి ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ కలిసి ఉండాలని 1960ల నాటికి తేలింది. పేగు గోడలోని ఒక ప్రత్యేక ప్రోటీన్ సోడియం, గ్లూకోజ్ జంటగా వస్తేనే తెరుచుకునే తలుపు వంటిది. అవి లోపలికి పోతే వాటి వెంట నీరూ పోతుంది. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు, దిలీప్ మహాలనబీస్ అనే వైద్యుడు ఉప్పు, సోడా, గ్లూకోజ్ కలిపిన నీటిని పెద్ద డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022లో కన్నుమూసిన తరువాత భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

నేటి ఓఆర్ఎస్ ప్యాకెట్టు 2002లో సవరించిన సూత్రం ప్రకారం తయారవుతుంది. లీటరు ద్రావణంలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. ఈ పాళ్ళలోనే దాని శక్తి ఉంది. లీటరుకు ఉద్దేశించిన ప్యాకెట్టును గ్లాసు నీళ్ళలో కలిపితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది, రోజుకు కాస్త చొప్పున కలుపుకుందామని చెంచాలతో తీస్తే పాళ్ళు తప్పుతాయి. చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలైతే పేగులోకి తిరిగి నీటిని లాగి విరేచనాలను పెంచుతాయి. అలాంటి తీపి పానీయాలు ఓఆర్ఎస్ అన్న పేరు తగిలించుకొని మందుల దుకాణాల్లో అమ్ముడవుతుండడాన్ని హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఎదిరించారు; 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరును అలా వాడడాన్ని నిషేధించింది. ప్యాకెట్టు దొరకని చోట ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ మేలు. చనుపాలు, మామూలు తిండి ఆపకూడదు. దీనికి తోడు ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్, అంతకంటే చిన్నవారికి 10 మిల్లీగ్రాములు, పది నుంచి పద్నాలుగు రోజులు ఇస్తే విరేచనాలు త్వరగా తగ్గుతాయి.

నీరు ఎంత పోయిందన్నది కళ్ళూ చర్మమూ చెబుతాయి. చిరాకుగా ఉండి, కళ్ళు లోతుకుపోయి, గ్లాసు అందిస్తే ఆత్రంగా తాగే బిడ్డకు కొంత నీరు తగ్గింది. ఆ బిడ్డకు కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో పట్టించి మళ్ళీ చూడాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా మొదలుపెట్టాలి. ఆసుపత్రిలో ఒక మోతాదు ఆన్‌డాన్‌సెట్రాన్ వాంతిని అణచి చాలామందికి సూదిని తప్పిస్తుంది. తాగలేనంత మగతగా ఉండి, పొట్ట మీది చర్మాన్ని మడిచి వదిలితే ఆ మడత రెండు సెకన్లకు మించి నిలిచిపోయే బిడ్డకు మాత్రం రక్తనాళంలోకి రింగర్స్ లాక్టేట్ ఎక్కించాలి: ఏడాది లోపు బిడ్డకు కిలోకు 100 మిల్లీలీటర్లు ఆరు గంటల్లో, పెద్ద బిడ్డకు అంతే మూడు గంటల్లో. ఊళ్ళలో సెలైన్ బాటిల్ మీద ఉన్న నమ్మకం ఓఆర్ఎస్ మీద లేకపోవడం విచారకరం. విరేచనాలు ఎక్కువగా తెచ్చే రోటావైరస్‌కు ఇప్పుడు టీకా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో వేరుచేసిన రకం నుంచి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్‌ను 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

విరేచనాలతో ఎండిపోయిన బిడ్డను ద్రవం బతికిస్తుంది గనుక, జ్వరంతో చేతులు చల్లబడిన బిడ్డనూ అదే బతికిస్తుందని దశాబ్దాలుగా అందరూ అనుకున్నారు. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో కాథరిన్ మెయిట్‌ల్యాండ్ నాయకత్వాన జరిగి 2011లో వెలువడిన ఫీస్ట్ అనే ప్రయోగం ఆ నమ్మకాన్ని కుదిపేసింది. తీవ్ర జ్వరంతో, మందగించిన రక్తప్రసరణతో వచ్చిన 3,141 మంది పిల్లలను మూడు భాగాలుగా చేసి, ఒక భాగానికి సెలైన్, ఒక భాగానికి ఆల్బుమిన్ వేగంగా ఎక్కించి, మూడో భాగానికి అలా ఎక్కించకుండా నిత్యావసర ద్రవం మాత్రమే ఇచ్చారు. విరేచనాల పిల్లలను, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవారిని ఇందులో చేర్చలేదు. 48 గంటల్లో మరణాలు ద్రవం వేగంగా ఎక్కించిన రెండు భాగాల్లోనూ 10.5 శాతం పైబడి ఉండగా, ఎక్కించని భాగంలో 7.3 శాతమే నమోదయ్యాయి. ప్రయోగాన్ని నడుమనే ఆపవలసి వచ్చింది. ఆ పిల్లల్లో చాలామందికి మలేరియా, తీవ్ర రక్తహీనత ఉన్నాయి, అక్కడ వెంటిలేటర్లు లేవు. కాబట్టి ఈ ఫలితాన్ని ఐసీయూ ఉన్న నగరపు ఆసుపత్రికి యథాతథంగా వర్తింపజేయలేరు. అయినా చేతులు చల్లబడడం, రక్తం తిరిగి నిండడానికి మూడు సెకన్లు మించడం, నాడి బలహీనంగా వేగంగా ఉండడం అనే మూడూ కలిసి ఉంటేనే షాక్‌గా, అంటే ప్రసరణ కుప్పకూలిన స్థితిగా భావించి, అప్పుడు సైతం ద్రవాన్ని నిదానంగా ఎక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో మార్గదర్శకాలను మార్చింది. ఏదో ఒకటి చేయాలన్న తొందరను వైద్యుడు అదుపులో పెట్టుకోవడం సైతం చికిత్సలో భాగమేనని ఇంత పెద్ద ఆధారంతో చెప్పిన ప్రయోగాలు కొద్ది.

వానాకాలంలో తెలుగు జిల్లాల ఆసుపత్రులను నింపే డెంగీలో ఈ నిగ్రహం అక్షరాలా ప్రాణరక్షకం. డెంగీలో ముప్పు జ్వరం తీవ్రంగా ఉన్న రోజుల్లో కంటే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగేటప్పుడు మొదలవుతుంది. అప్పుడు సన్నని రక్తనాళాల గోడల గుండా రక్తంలోని ద్రవభాగం పొట్టలోకీ ఛాతీలోకీ కారిపోతుంది. రక్తం చిక్కబడి, ఎర్రకణాల పాలు తెలిపే హెమటోక్రిట్ పెరుగుతుంది. జ్వరం తగ్గిన బిడ్డ కడుపునొప్పితో ముడుచుకున్నా, ఆగకుండా వాంతులు చేసుకున్నా, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం వచ్చినా, చేతులు చల్లబడి మగతగా ఉన్నా వెంటనే చేర్చాలి. ఈ కారుడు 24 నుంచి 48 గంటలు సాగి ఆగుతుంది, కారిన ద్రవం తిరిగి రక్తనాళాల్లోకి వస్తుంది. ఈ దశలో ఎక్కిస్తున్న సెలైన్‌ను ఆ వేళకు తగ్గించకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కుటుంబాల ఆందోళనంతా ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరుగుతుంది గాని, రక్తస్రావం లేని బిడ్డకు ముందుజాగ్రత్త పేరుతో ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల మేలు జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఈ జ్వరంలో రక్తస్రావాన్ని పెంచుతాయి కాబట్టి వాడకూడదు.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. దాని మోతాదు బిడ్డ వయసును బట్టి కాక బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా ఉండాలి. ఇక్కడ మన దేశంలో తరచు జరిగే ప్రమాదం ఒకటుంది: పసిపిల్లల చుక్కల మందు మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరప్ ఐదు మిల్లీలీటర్లకు 120 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా రకరకాలుగా ఉంటుంది. ఐదు మిల్లీలీటర్ల సిరప్ ఇవ్వవలసిన చోట ఐదు మిల్లీలీటర్ల చుక్కల మందు పోస్తే మోతాదు రెట్లలో పెరిగి కాలేయం దెబ్బతింటుంది. సీసా మీది అంకె చదవనిదే మందు కొలవకూడదు.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ మధ్య పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. కళ్ళు తేలవేసి, ఒళ్ళు బిగుసుకొని కొట్టుకుంటున్న బిడ్డను చూసి తల్లిదండ్రులు ప్రాణం పోయిందనే అనుకుంటారు. నిజానికి చాలా ఫిట్స్ ఐదు నిమిషాల లోపే వాటంతటవే ఆగుతాయి, మెదడుకు హాని చేయవు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటి చుట్టూ తుడిచి, గడియారం చూడాలి. తాళం చెవులు చేతిలో పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం, నీళ్ళు తాగించడం వల్ల పళ్ళు విరగడమో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవడమో తప్ప ప్రయోజనం లేదు. ఐదు నిమిషాల హద్దుకు శాస్త్రీయ కారణం ఉంది. మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా గ్రాహకాలు ఫిట్స్ సాగేకొద్దీ కణ ఉపరితలం నుంచి లోపలికి జారిపోతాయి. ఫిట్స్ ఆపే మందు పనిచేసేది ఆ గ్రాహకాల మీదనే గనుక ఆలస్యమైనకొద్దీ అదే మోతాదులో ఇచ్చిన అదే మందుకు ఫిట్స్ లొంగవు. అందువల్ల ఐదు నిమిషాలు దాటితే ముక్కులో లేదా బుగ్గలో మిడజోలాంతోనో, మలద్వారం గుండా డయాజెపాంతోనో ఆపాలి. ఫిట్స్ తరువాత గంటకైనా తెలివి రాకపోవడం, మెడ బిగుసుకోవడం, మాడు ఉబ్బడం, ఒకే పక్క కొట్టుకోవడం, ఆరు నెలల లోపు బిడ్డకు రావడం మెదడువాపునో దాని పొరల వాపునో సూచిస్తాయి. అప్పుడు యాంటీబయాటిక్ మొదటి మోతాదు పరీక్షల కోసం ఆగకూడదు.

రెండు నెలల లోపు పసికందు విషయంలో ఇప్పటిదాకా చెప్పిన గుర్తులు సైతం మసకబారతాయి. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిన శిశువుకు జ్వరం రావచ్చు, ఒళ్ళు చల్లబడనూ వచ్చు. తరచు తల్లి చెప్పగలిగేది పాలు సరిగా తాగడం లేదు, కదలిక తగ్గింది అన్నంతే, ఆ మాటే చేర్చుకోవడానికి చాలు. 38 డిగ్రీల సెల్సియస్ చేరిన లేదా 35.5కు తగ్గిన పసికందును ఆసుపత్రికి తీసుకుపోవాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు వచ్చేదాకా, దారి పొడుగునా, బిడ్డ చర్మం తల్లి చర్మానికి తగిలేలా రొమ్ముకు కట్టుకొని పైన దుప్పటి కప్పాలి, తాగగలిగితే చనుపాలు పడుతూ ఉండాలి. పెద్ద బిడ్డ అయినా పసికందు అయినా స్పృహ తప్పిన ప్రతి బిడ్డకూ రక్తంలో చక్కెర వెంటనే చూడాలి. అది తక్కువగా ఉండి సూదికి నరం దొరకని చోట, తడిపిన చెంచాడు చక్కెరను పెద్ద బిడ్డ నాలుక కింద ఉంచి, ఇరవై నిమిషాల తరువాత మళ్ళీ కొలవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.